ఇరవై నాలుగు ఆకుల చక్రం: ఒక సంఖ్య స్వభావం, దానికి చెప్పే అర్థాలు

సారనాథ్‌లో 1904-05లో ఎఫ్.ఓ. ఓర్టెల్ జరిపిన తవ్వకాలలో అశోకుని సింహశీర్షం బయటపడింది. వీపులు ఆనించి నిలిచిన నాలుగు సింహాల పాదాల కింద గుండ్రని ఫలకం ఉంది. దాని అంచు మీద ఏనుగు, గుర్రం, వృషభం, సింహం ఒకదాని వెంట ఒకటి సాగుతున్నట్లు చెక్కి ఉన్నాయి. వాటి నడుమ నాలుగు చక్రాలు ఉన్నాయి. ఒక్కొక్క చక్రానికి ఆకులు 24.

ఈ చక్రం నేడు భారతీయులందరికీ సుపరిచితం. 1921లో విజయవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి సమర్పించిన నమూనా నుంచి రూపుదిద్దుకున్న పతాకంపై చాలాకాలం రాట్నం ఉండేది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జాతీయ పతాకంలో రాట్నం స్థానాన్ని సారనాథ్ చక్రం ఆక్రమించింది. ఆకులు 24గానే నిలిచాయి.

ఆకులు 24 మాత్రమే ఎందుకు ఉన్నాయన్న ప్రశ్నకు సిద్ధంగా ఉన్న సమాధానాలు అనేకం. అవి పట్ఠానంలోని 24 ప్రత్యయాలని కొందరు, ద్వాదశ నిదానాల అనులోమ ప్రతిలోమ క్రమాలని కొందరు, 24 మంది పూర్వబుద్ధులని మరికొందరు చెబుతారు. రోజులోని 24 గంటలని చెప్పేవారూ ఉన్నారు. ఇవన్నీ ఏకకాలంలో నిజం కాజాలవు. అశోకుని శాసనాలలో ఏ ఒక్కటీ ఆకుల సంఖ్యకు అర్థం చెప్పదు. ఒకే సంఖ్యకు ఇన్ని అర్థాలు ఇంత సులువుగా అమరడమే పరిశీలించవలసిన విషయం. అందుకు ముందుగా ఆ సంఖ్య స్వభావాన్ని తెలుసుకోవాలి.

భాజకాల సమృద్ధి

24ను శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎనిమిది: 1, 2, 3, 4, 6, 8, 12, 24. దానికంటే చిన్నదైన ఏ సంఖ్యకూ ఇన్ని భాజకాలు లేవు. 12, 18, 20 సంఖ్యలకు ఆరేసి మాత్రమే ఉన్నాయి. 24ను మినహాయించి తక్కిన భాజకాలను కూడితే 36 వస్తుంది. అంటే భాజకాల మొత్తం సంఖ్యనే మించిపోతుంది. ఇటువంటి వాటిని గణితజ్ఞులు సమృద్ధ సంఖ్యలంటారు. పక్కనే ఉన్న 23 ప్రధాన సంఖ్య. 1, 23 తప్ప దానికి వేరే భాజకాలు లేవు. 25కు 1, 5, 25 అనే మూడే భాజకాలు.

దీని ప్రయోజనం నిత్యవ్యవహారంలో స్పష్టంగా కనిపిస్తుంది. 24 వస్తువులను ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి, ఎనిమిదిమందికి, పన్నెండుమందికి సమానంగా పంచవచ్చు. వర్గీకరణ చేసే శాస్త్రకారుడికీ ఇదే సౌలభ్యం. నాలుగేసి ఆరు, మూడేసి ఎనిమిది, రెండేసి పన్నెండు: ఏ విధంగా వర్గీకరించినా మొత్తం 24కే చేరుతుంది.

సింహశీర్షం మీదనే మరో ఉదాహరణ ఉంది. నాలుగు జంతువులను ఒక వరుసలో ఎన్ని విధాలుగా నిలపవచ్చు? మొదటి స్థానానికి నాలుగు, రెండో స్థానానికి మూడు, మూడో స్థానానికి రెండు, చివరి స్థానానికి ఒకటి; 4 × 3 × 2 × 1 = 24 విధాలు. అయితే అవి గుండ్రని ఫలకం చుట్టూ ఉన్నాయి కనుక మొదటి జంతువు ఏదన్న ప్రశ్నకు తావు లేదు. ఫలకం చుట్టూ నడిచే వ్యక్తి ఎక్కడ మొదలుపెట్టినా అదే వరుసను చూస్తాడు. అందువల్ల భిన్నమైన అమరికలు 24ను నాలుగుతో భాగించగా వచ్చే ఆరు మాత్రమే. ఫలకం మీది జంతువులలో ‘మొదటిది’ ఫలానా అని వ్రాసే వ్యాఖ్యాత శిల్పంలో లేని ఆరంభాన్ని తాను కల్పిస్తున్నాడని గుర్తించాలి.

తాడు, మేకు, వృత్తం

శిల్పికి 24 మరొక కారణం చేత అనుకూలమైన సంఖ్య. నేల మీద ఒక మేకు పాతి, దానికి తాడు కట్టి తిప్పితే వృత్తం ఏర్పడుతుంది. అదే తాడును, పొడవు మార్చకుండా, వృత్తపు అంచు మీద ఒక బిందువు నుంచి మరొక బిందువుకు కొలుచుకుంటూ పోతే సరిగ్గా ఆరు కొలతలకు బయలుదేరిన చోటికి చేరుతుంది. వృత్తంలో ఆరవ భాగానికి గీసిన జ్యా వ్యాసార్ధానికి సమానం కావడమే ఇందుకు కారణం. కోణాలు కొలిచే సాధనం లేకుండానే, వృత్తాన్ని గీసిన తాడే దానిని ఆరు సమభాగాలు చేసింది.

ఇక సగం చేయడమే మిగిలింది. పక్కపక్కనున్న రెండు బిందువుల నుంచి ఒకే పొడవు తాడుతో రెండు చాపాలు గీసి, అవి ఖండించుకున్న చోటును కేంద్రంతో కలిపితే మధ్యనున్న భాగం రెండు సగాలవుతుంది. ఆరు పన్నెండవుతాయి, మరొకసారి చేస్తే 24. ఆకుకూ ఆకుకూ నడుమ కోణం 15 డిగ్రీలు. ప్రతి ఆకుకూ ఎదురుగా మరో ఆకు ఉంటుంది కనుక 24 ఆకులు నిజానికి 12 వ్యాసరేఖలు. ఎదురెదురు ఆకులు కేంద్రం గుండా ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం పట్టి చూస్తే చాలు, పని సరిగా సాగిందో లేదో తెలిసిపోతుంది.

ఈ పద్ధతిలో దోషాలు పోగుపడవు. ఒకే కొలతను అంచు మీద 24 సార్లు వరుసగా వేస్తే, ప్రతి అడుగులో ఒక మిల్లీమీటరు చొప్పున ఎక్కువైనా చివరికి 24 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. సగం చేసుకుంటూ పోయే పద్ధతిలో ఒక చోట జరిగిన పొరపాటు ఆ భాగానికే పరిమితమవుతుంది.

అన్ని సంఖ్యలకూ ఈ సౌలభ్యం లేదు. గీతబద్ద, వృత్తలేఖిని మాత్రమే ఉపయోగించి వృత్తాన్ని ఖచ్చితంగా 7, 9, 11, 13, 14, 18 సమభాగాలు చేయడం అసాధ్యం. ఏయే సంఖ్యలకు ఇది సాధ్యమో గౌస్ నిర్ణయించాడు. తక్కినవాటికి అసాధ్యమని 1837లో వాంట్జెల్ నిరూపించాడు. 24 అంటే మూడు రెళ్ల లబ్ధాన్ని మూడుతో గుణించినది కనుక సాధ్యమైన జాబితాలో చేరుతుంది. 8, 16, 32 కూడా అటువంటివే. వాటికి సగం చేయడం ఒక్కటే చాలు. సారనాథ్ సింహాలపై ఒకప్పుడు నిలిచిన పెద్ద చక్రానికి, దొరికిన శకలాలను బట్టి, 32 ఆకులు ఉండి ఉంటాయని పండితులు లెక్కగట్టారు. ఒకే శీర్షం మీద 24, 32 రెండూ ఉన్నాయంటే శిల్పులకు ఏదో ఒక పవిత్రసంఖ్య విధిగా నిర్దేశితమైందని చెప్పడం కష్టం. రెండూ తాడుకు లొంగే సంఖ్యలన్నది మాత్రం స్పష్టం.

నాగార్జునకొండ స్తూపాలు ఈ ఆలోచనకు పరీక్ష పెడతాయి. అక్కడి స్తూపాలలో అనేకం చక్రాకార ప్రణాళికతో నిర్మితమైనవి. నడుమ నాభి, చుట్టూ నేమి, వాటిని కలిపే ఇటుక గోడలే ఆకులు. ఆకుల నడుమ ఖాళీలను మట్టితో నింపేవారు. ఇటుక పొదుపు, కట్టడానికి బలం రెండూ ఇందులో సమకూరాయి. ఆకులు నాలుగు, ఆరు, ఎనిమిది, పది చొప్పున కనిపిస్తాయి. మొదటి మూడూ తాడుతో వెంటనే వచ్చేవే. పదికి మాత్రం వృత్తాన్ని ఐదు భాగాలు చేయాలి. అది సాధ్యమే కాని మార్గం క్లిష్టం. చుట్టుకొలతను తాడుతో కొలిచి, ఆ తాడును ఐదు మడతలు పెట్టినా పని జరిగిపోతుంది. ఇటుక గోడ మందంలో చిన్న తేడాలు ఇమిడిపోతాయి. కనుక సులువైన సంఖ్యలే వాడారని సూత్రీకరించడం సరికాదు. సులువైన సంఖ్య కనిపించినప్పుడు ముందుగా చేతిపని కారణాన్ని పరిశీలించాలని చెప్పడమే న్యాయం.

ఆర్యభటుని 24 జ్యాలు

అశోకుని తరువాత సుమారు ఏడు శతాబ్దాలకు ఇదే దారి భారతీయ గణితంలో గ్రంథస్థమైంది. క్రీ.శ. 499 నాటి కాలాన్ని పేర్కొన్న ఆర్యభటీయంలో వృత్తపాదాన్ని 24 సమభాగాలు చేసి జ్యాభేదాల పట్టిక ఇచ్చారు. ఒక్కొక్క భాగం 225 కలలు, అంటే 3 డిగ్రీల 45 కలలు. వృత్తంలో ఆరవ భాగపు జ్యా వ్యాసార్ధానికి సమానమన్న సూత్రం కూడా అదే గ్రంథంలో ఉంది. 60 డిగ్రీల నుంచి మొదలుపెట్టి సగం చేస్తూ పోతే 30, 15, ఏడున్నర, మూడుంబావు మీద అరగా 3.75 డిగ్రీలు వస్తాయి. తొంభై డిగ్రీలలో 3.75 సరిగ్గా 24 సార్లు ఉంది.

సారనాథ్ చక్రానికీ ఆర్యభటుని పట్టికకూ చారిత్రక సంబంధం ఉన్నదనడానికి ఆధారం లేదు. రెండు చోట్లా ఒకే సంఖ్య రావడానికి వృత్తం స్వభావమే సరిపోతుంది. ఆరుతో మొదలుపెట్టి సగం చేస్తూ పోయేవారెవరైనా 12, 24, 48, 96 మెట్ల మీదుగానే నడవాలి. సంఖ్యల పోలికను బట్టి ప్రభావాలను ఊహించే పరిశోధకులు గుర్తుంచుకోవలసిన విషయమిది.

ఉన్న గుణం, ఉద్దేశించిన గుణం

24లో ఇంతకంటే లోతైన గుణాలూ ఉన్నాయి. మూడుకంటే పెద్దదైన ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకుని వర్గం చేసి ఒకటి తీసివేస్తే వచ్చేది 24తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 5 వర్గం 25, ఒకటి తీస్తే 24. 7 వర్గం 49, తీస్తే 48. 11 వర్గం 121, తీస్తే 120. 13 వర్గం 169, తీస్తే 168. కారణం సులువు. సంఖ్య వర్గంలోంచి ఒకటి తీసివేయడమంటే ఆ సంఖ్యకు ముందు, వెనుక ఉన్న రెండు సంఖ్యలను గుణించడమే. ఆ రెండూ వరుస సరిసంఖ్యలు. వాటిలో ఒకటి నాలుగుతో భాగింపబడుతుంది కనుక లబ్ధం ఎనిమిదితో భాగింపబడుతుంది. వరుసగా ఉన్న మూడు సంఖ్యలలో ఒకటి మూడుతో భాగింపబడాలి. నడుమనున్న ప్రధాన సంఖ్య కాదు కనుక అటుదో ఇటుదో అయి తీరాలి. ఎనిమిదీ మూడూ కలిసి 24. నిజానికి సంఖ్య ప్రధానమే కానవసరం లేదు. రెండుతో గాని మూడుతో గాని భాగింపబడకపోతే చాలు. 24తో ఉమ్మడి భాజకం లేని ప్రతి సంఖ్యకూ ఈ నియమం వర్తిస్తుంది. ఇటువంటి గుణం గల సంఖ్యలలో 24 అన్నింటికంటే పెద్దది.

మరొక గుణం ఇటుకలతో చెప్పదగినది. పైన ఒక ఇటుక, దాని కింద రెండేసి రెండు వరుసలు, ఆపైన మూడేసి మూడు వరుసలు, ఇలా కింది వరస 24 × 24 అయ్యేదాకా మెట్లుగా పేర్చిన దిబ్బను ఊహించాలి. వర్గాల మొత్తానికి ఆర్యభటీయంలోనే సూత్రం ఉంది: 24 × 25 × 49ను ఆరుతో భాగించాలి. వచ్చేది 4900. అది 70 వర్గం. అంటే ఆ దిబ్బను విప్పి నేల మీద పరిస్తే ఒక్క ఇటుక మిగలకుండా, చాలకపోకుండా 70 × 70 చతురస్రం ఏర్పడుతుంది. ఒకే ఇటుక గల అల్పసందర్భాన్ని వదిలితే ఇది 24 వరసల దిబ్బకు మాత్రమే సాధ్యం. ఈ ప్రశ్నను 1875లో లూకాస్ లేవనెత్తగా, 1918లో వాట్సన్ పూర్తి నిరూపణ ఇచ్చాడు.

ఈ గుణాలు అశోకుని కాలంలోనూ 24లో ఉన్నాయి. సంఖ్య గుణాలకు కాలం లేదు. కాని వాటిని చూసి శిల్పి 24ను ఎంచుకున్నాడని ఎవరూ అనరు. ఒక గుణం సంఖ్యలో ఉండటం వేరు, చేసినవాడు దానిని ఉద్దేశించడం వేరు. గణితగుణాల విషయంలో ఎవరికైనా తేలికగా తోచే ఈ భేదం, ధర్మపరమైన అర్థాల విషయానికి వచ్చేసరికి తరచుగా మరుగున పడుతుంది.

బౌద్ధగ్రంథాలలో 24

బౌద్ధ వాఙ్మయంలో 24 రెండు రకాలుగా వస్తుంది. కొన్ని చోట్ల అది జాబితా. అభిధమ్మపిటకంలో ఏడవ గ్రంథమైన పట్ఠానంలో హేతుప్రత్యయం మొదలు అవిగతప్రత్యయం వరకు 24 ప్రత్యయాలున్నాయి. బుద్ధవంసంలో దీపంకరుని నుంచి కాశ్యపుని దాకా 24 మంది పూర్వబుద్ధుల చరిత్రలున్నాయి. మరికొన్ని చోట్ల 24 లబ్ధం. పట్ఠానాన్నే వ్యాఖ్యానసంప్రదాయం 24 పట్ఠానాల సమాహారంగా చెబుతుంది. అనులోమం, ప్రత్యనీయం, వాటి రెండు మిశ్రమరూపాలు కలిసి నాలుగు మార్గాలు. త్రికం, ద్వికం, వాటి జంటలు కలిసి ఆరు విభాగాలు. నాలుగేసి ఆరు 24. ధమ్మచక్కప్పవత్తన సుత్తంలో నాలుగు సత్యాలు మూడు పరివర్తాలుగా పన్నెండు ఆకారాలవుతాయి. ఆ పన్నెండును రెట్టింపు చేస్తే 24 రావడం చూసి ఆకులకు అన్వయించడం ఎవరికైనా సులభమే.

ఈ సమృద్ధి బౌద్ధానికే పరిమితం కాదు. జైనులకు తీర్థంకరులు 24 మంది. గాయత్రీ ఛందస్సులో పాదానికి ఎనిమిది చొప్పున మూడు పాదాలకు 24 అక్షరాలు. సాంఖ్యంలో పురుషుని విడిచి లెక్కిస్తే తత్త్వాలు 24. మూడులు, నాలుగులు, ఆరులు, ఎనిమిదులతో ఆలోచించే సంప్రదాయాలన్నీ ఎక్కడో ఒక చోట 24ను దాటక తప్పదు. అందువల్ల 24 ఆకులకు తగిన జాబితా దొరకడం ఆశ్చర్యం కాదు, దొరకకపోతేనే ఆశ్చర్యం. జాబితా దొరకడాన్ని రుజువుగా భావించరాదు.

గ్రంథాలు చక్రం గురించి నేరుగా చెప్పిన చోట సంఖ్య వేరు. మహాపురుష లక్షణాలలో పాదాల మీది చక్రాలకు వేయి ఆకులని దీఘనికాయంలోని లక్ఖణ సుత్తం చెబుతుంది. సారనాథ్ శిల్పి వేయి ఆకులను చెక్కలేదు. గ్రంథంలోని సంఖ్యకూ రాతిలోని సంఖ్యకూ మధ్య శిల్పి చేయి, రాతి పరిమాణం, పనిముట్టు ఉన్నాయి.

అలాగని భక్తులు చెప్పే అర్థాలను తోసిపుచ్చవలసిన పని లేదు. 24 ఆకులను చూసి 24 ప్రత్యయాలను స్మరించే సాధకునికి ఆ అర్థం సత్యమే; అది ఆ చక్రం తరువాతి జీవితంలో భాగం. చరిత్రకారుడు చేయవలసిందల్లా ఆ అర్థం ఏ కాలంలో, ఎవరి మాటలో మొదట కనిపిస్తుందో నమోదు చేయడం. దానిని మౌర్యశిల్పి మనసులోకి వెనుకకు నెట్టకపోవడం.

విరిగిన చక్రం ముందు

ఈ చర్చ ఫలితం తవ్వకపు గుంటలో తేలుతుంది. దొరికే చక్రాలు చాలావరకు ముక్కలే. నేమిలో కొంత భాగం, రెండు మూడు ఆకుల మొదళ్లు మిగిలిన రాయి నుంచి మొత్తం ఆకులెన్నో లెక్కించాలి. 24 ఆకులైతే నడిమి కోణం 15 డిగ్రీలు, 23 అయితే 15.65, 25 అయితే 14.4. అరిగిన రాతి మీద ఒక్క ఖాళీని కొలిచి ఈ మూడింటిలో ఏదో తేల్చడం ప్రమాదకరం. వ్యాసార్ధం 40 సెంటీమీటర్లున్న చక్రంలో నేమి మీద ఒక్క ఖాళీకి ఈ తేడా అర సెంటీమీటరుకు లోపే. ‘ధర్మచక్రం కనుక 24’ అన్న నమ్మకం సరిగ్గా ఇక్కడే కొలబద్దను తనవైపు లాగుతుంది. ఆ 24 నివేదికలో చేరి, తరువాతి పుస్తకంలో 24 ఆకుల సంప్రదాయానికి మరో సాక్ష్యమవుతుంది. అనుకున్నదే ఆధారంగా మారిపోతుంది.

ఇందుకు విరుగుడు కూడా సంఖ్యలోనే ఉంది. 24 ఆకుల చక్రంలో నాలుగు ఖాళీలు కలిస్తే 60 డిగ్రీలు. కనుక మొదటి ఆకు నేమిని తాకే చోటు నుంచి ఐదవ ఆకు తాకే చోటుకు తిన్నని దూరం వ్యాసార్ధానికి సమానం కావాలి. పై చక్రంలో ఆ దూరం సరిగ్గా 40 సెంటీమీటర్లు. ఆకులు 23 అయి ఉంటే సుమారు 41.6, 25 అయి ఉంటే సుమారు 38.5. తేడా ఒకటిన్నర సెంటీమీటర్లకు పెరిగింది. దారంతో కూడా పట్టుబడుతుంది. 32 ఆకుల చక్రానికి ఈ పరీక్ష చెల్లదు, ఎందుకంటే 32 ఆరుతో భాగింపబడదు. దానికి ఎనిమిది ఖాళీలు కలిసి లంబకోణం కావాలి. శకలంలో ఐదు ఆకులు మిగలనప్పుడు ఒకే సంఖ్యను వ్రాయడం కంటే ‘23 నుంచి 25 వరకు’ అని వ్రాయడం నిజాయితీ.

శిల్పి తాడు పట్టి వృత్తాన్ని ఆరు చేసి, పన్నెండు చేసి, 24 చేసి ఉంటే, అదే తాడు రెండు వేల ఏళ్ల తరువాత అతని పనిని సరిచూడటానికి కూడా పనికివస్తుంది. 24 ఆకులకు అర్థం చెప్పే ముందు అవి 24 అవునో కాదో ఆ తాడుతో కొలవాలి.